శనివారం నాలుగు గంటలు

పదకొండో భాగం

పోయిన వారం చిట్టిని మీటింగ్ హాల్లో కూర్చోబెట్టి వచ్చేశాం. గోడమీద తెర వెలిగింది, కొత్త సీజన్ షెడ్యూలు పడింది, ఏడు కొండ పట్నాల పేర్లకి ఎదురుగా ఒకే వేళ కనబడింది. శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. చిట్టి చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

ఎందుకు లేవలేదో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఫుట్‌బాల్ లీగ్‌కి పాత నగరాల్లో ప్రేక్షకులు పెరగడం ఆగిపోయింది. చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు, చూడనివాళ్ళు ఏం చేసినా చూడరు. కొత్త అభిమానులు కావాలంటే కొత్త ఊళ్ళు పట్టాలని కొండ పట్నాల మీద కన్నేశారు. ఆ పని నెత్తిన వేసుకున్నది చిట్టి, ఎందుకంటే ఆమె పుట్టింది అక్కడే, కాగితం మిల్లు ఉన్న ఊళ్ళో. ఆ ఊళ్ళో శనివారం మూడింటికి మిల్లు షిఫ్టు దిగుతుంది, నాలుగింటికి మైదానంలో ఊరి క్లబ్బు మ్యాచ్ మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళుగా అంతే. క్లబ్బు సెక్రటరీ చిట్టికి సొంత అక్క. మెడలో విజిల్ లేకుండా ఎవరూ ఆమెని చూడలేదు కనక ఊరంతా ఈలక్క అంటారు. మా లీగ్ మ్యాచులు ఆదివారం రాత్రి మీ మైదానంలో పెద్ద తెర మీద వేస్తాం, మీ శనివారం జోలికి ఎవరూ రారు అని ఆ అక్కకి మాటిచ్చింది చిట్టి.

ఆ మాట గోడమీద అందరి ముందూ చచ్చిపోయింది. అందుకు చప్పట్లు కొడుతున్నారు.

మీటింగ్ అవగానే చిట్టి తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్ళింది. తలుపు తట్టలేదు. ఆయన్ని ఆఫీసులో అందరూ చాటుగా నవ్వులాయన అంటారు. జీతం కోసినా నవ్వుతాడు, ఉద్యోగం పీకినా నవ్వుతాడు. నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు, ఈయన్ని చూసుంటే ఇంకో పది కలిపేవాళ్ళు. బల్లమీద ఒక్క కాగితం లేదు. పని చేసేవాడి బల్ల అంత శుభ్రంగా ఎక్కడైనా ఉంటుందా?

"రండమ్మా, కూర్చోండి. అందరూ మిమ్మల్నే మెచ్చుకుంటున్నారు."

"కూర్చోను సార్. శనివారం నాలుగేంటి?"

"మంచి టైము."

"ఎవరికి మంచిది? ఆ టైముకి అక్కడ మా ఊరి మ్యాచ్ ఉంటుంది. మీకు తెలుసు. నేనే చెప్పాను."

"మీరే చెప్పారు" అని నవ్వాడు. సొరుగు లాగి ఆమె రిపోర్టు తీశాడు. పద్నాలుగో పేజీ దగ్గర పసుప్పచ్చ గీత. "మీ అక్షరాలే చదువుతాను, వినండి. 'శనివారం నాలుగింటికి ఈ ఊళ్ళో దుకాణాలు సగం షట్టర్లు దించేస్తాయి. నాలుగు వేలమంది ఒకచోట చేరతారు. ఆడేవాళ్ళలో ఒకరు తక్కువైతే మైకులో పిలుస్తారు, చూసేవాళ్ళలోంచి ఎవరో ఒకరు చెప్పులు విడిచి దిగుతారు.' ఎంత బాగా రాశారమ్మా! నాలుగు వేలమంది, ఒకే చోట, ఒకే టైముకి. అంతమందిని పోగు చెయ్యడానికి వేరే ఊళ్ళలో మనం తలకిందులవుతున్నాం."

చిట్టికి ఒళ్ళంతా మంట ఎక్కింది. ఆ పేజీ రాసిన రోజు ఆమెకి గుర్తుంది. గర్వంగా రాసింది. మా ఊరు ఎలాంటిదో ఈ నగరంవాళ్ళకి తెలియాలని రెండు రాత్రులు కూర్చుని రాసింది. ఇంటిగుట్టు లంకకు చేటు అని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నదో, చదువుకున్నాక అన్నిసార్లూ మరిచిపోయింది.

"వాళ్ళు వచ్చేది వాళ్ళ మనుషులు ఆడతారని సార్. మీ తెర చూడ్డానికి కాదు."

"వాళ్ళు ఆడే చోట మన తెర ఉంటే చూస్తారు. ఒప్పందంలో మైదానం మనకే ఇచ్చారుగా."

"ఆదివారానికి ఇచ్చారు!"

"ఒప్పందంలో ఆదివారం అని ఎక్కడుందమ్మా?"

ఎక్కడా లేదని చిట్టికి తెలుసు. 

ఆదివారం అని లేదు. శనివారం అనీ లేదు. 'ప్రసార వేళ' అని రాసిన చోట ఖాళీ గడి ఉంది. అది ఆ విభాగంలో అందరూ చేసే పనే. షెడ్యూలు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది, చిన్న ఊళ్ళవాళ్ళ చుట్టూ సంతకాలకి రెండుసార్లు తిరగడం కుదరదు, అందుకని ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, సంతకం ముందే తీసుకుంటారు. ఏడు ఊళ్ళలోనూ అలాగే తీసుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పద్ధతి నేర్పింది చిట్టే. "టైము మనవాళ్ళు తర్వాత వేసుకుంటారు, మీరు సంతకం మర్చిపోకండి చాలు" అని. తన వేలితో తన కన్ను పొడుచుకోవడం అంటే ఇదే.

"ఆ గడి మీరు నింపారు" అన్నది.

"ఎవరో ఒకరు నింపాలిగా. సంతకం పెట్టిన మీ అక్కగారికి లేని బాధ మీకెందుకమ్మా? కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు."

"మా అక్కకి ఇంకా తెలీదు కాబట్టి లేదు. తెలిస్తే మీ తెర చించి మీ మెడకి చుడుతుంది."

ఆ మాటకి కూడా నవ్వాడు మహానుభావుడు.

చిట్టి తన సీటుకి వెళ్ళి, నిలబడే, లీగ్ కమిటీకి అభ్యంతరం రాసింది. సంతకం తీసుకున్నప్పుడు గడి ఖాళీగా ఉంది, తర్వాత నింపారు, ఖాళీగా వదిలిన తప్పు నాది, నింపిన తప్పు డైరెక్టరుది. అంతే రాసింది. పంపేసింది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి వింటాం అని గంటలో జవాబొచ్చింది. శుక్రవారం తెల్లవారకముందే బస్సెక్కింది.

బస్సులో నాలుగు గంటలు అక్కకి ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంది. మొదట క్షమాపణ, తర్వాత సంగతి. కాదు, మొదట సంగతి, తర్వాత క్షమాపణ. మనం ఇలా పేర్చుకున్న మాటలు ఎప్పుడైనా పనికొచ్చాయా?

మైదానం గేటు దాటగానే ఆ మాటలన్నీ గాల్లో కలిశాయి. ఉత్తరం వైపు గోల్ ముందు, సరిగ్గా పెనాల్టీ కొట్టే చోట, నడుం లోతు గొయ్యి తవ్వి ఉంది. పక్కన తెర నిలబెట్టే ఇనప స్తంభాలు, కంకర గుట్ట, ఖాళీ చేతులతో నిలబడిన నలుగురు కూలీలు. గోతిలో ఈలక్క. బూట్లతో సహా దిగి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె పైకొస్తే గానీ స్తంభం దిగదు.

వెల్డింగ్ మేస్త్రి చిట్టిని చూసి ప్రాణం లేచొచ్చినట్టు పరిగెత్తుకొచ్చాడు. "మీరైనా చెప్పండమ్మా. గంట నుంచీ పైకి రావడం లేదు. మాకు కాగితం ఇచ్చే పంపించారు, మేం దొంగతనంగా తవ్వలేదు" అని ఒప్పందం కాపీ చూపించాడు. ఖాళీ గడి ఇప్పుడు ఖాళీగా లేదు. చక్కగా టైపు కొట్టి ఉంది. మూడు సీజన్లు, ప్రతి శనివారం, నాలుగు గంటలు. కింద అక్క సంతకం, పెద్ద పెద్ద అక్షరాలతో, చిన్నపిల్లలు కొత్త పుస్తకం మీద పేరు రాసుకున్నంత శ్రద్ధగా.

"వచ్చావా?" అన్నది అక్క గోతిలోంచి. "రా. నీకోసమే దిగాను. ఈ సంతకం ఎవరిదో చూసి చెప్పు, నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."

"అక్కా, ముందు పైకి రా."

"నువ్వు దిగు. తవ్వించింది నువ్వు. దిగి ఎంత లోతుందో చూసుకో."

చిట్టి దిగింది. నగరంలో కొన్న చెప్పు ఒకటి మట్టిలో కూరుకుపోయింది. దాన్ని వదిలేసింది.

"నువ్వు సంతకం పెట్టేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉందక్కా. చూశావు కదా?"

"చూడలేదు."

"అసలు చదవలేదా?"

"నువ్వు తెచ్చిన కాగితాన్ని చదవడమా?" ఈలక్క గొంతు మైదానం అవతల గోడకి తగిలి తిరిగొచ్చింది. "అమ్మ కలిపి పెట్టిన ముద్దలో రాయి వెతుక్కుంటారటే ఎవరైనా? నువ్వు వేలు పెట్టి ఇక్కడ అన్నావు, నేను ఇక్కడ పెట్టాను. ఇంకెవరైనా తెస్తే మూడు రోజులు తిప్పేదాన్ని. మిల్లు మేనేజరు తెచ్చినా తిప్పేదాన్ని!"

"తప్పు నాదే. కాదనడం లేదు."

"ఆహా! ఒప్పేసుకుంది మహాతల్లి. అయిపోయిందా? గొయ్యి పూడిపోయిందా?"

మేస్త్రి కూలీలని తీసుకుని మెల్లిగా మెట్ల వైపు జరిగాడు. మైదానంలో ఇంక మిగిలింది బావ ఒక్కడే. ఆయన మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, శుక్రవారం అలవాటు ప్రకారం సున్నం డబ్బా పట్టుకుని రేపటి మ్యాచ్‌కి గీతలు గీస్తున్నాడు. అక్కచెల్లెళ్ళ మధ్య దూరకపోవడం ఇరవై రెండేళ్ళ సంసారం ఆయనకి నేర్పిన ఒకే ఒక్క విద్య.

"నాలుగు శనివారాలు" అన్నది ఈలక్క. "జిల్లా ఫుట్‌బాల్ సంఘం రూలు నీకూ తెలుసు. వరసగా నాలుగు శనివారాలు సొంత మైదానంలో ఆడకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తారు. నువ్వు మూడు సీజన్లు రాయించుకున్నావు. నాన్న రాళ్ళెత్తి కట్టిన మెట్లివి. మిల్లు మూతపడ్డ ఏడాది కూడా ఆపలేదు మేము. వరదొచ్చిన వారం మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడారు. అప్పుడు ఆగనిది ఇప్పుడు నీ కాగితానికి ఆగాలా?"

"నేను శనివారం ఇవ్వమనలేదక్కా! నాకు తెలీకుండా..."

"నువ్వేం రాశావో కూడా చదివాను. మేస్త్రి దగ్గరుంది, మీవాళ్ళు రంగుల పుస్తకంగా వేశారు. మా దుకాణాల షట్టర్లు, మా మైకు, మా చెప్పులు. అన్నీ రాశావు. మీవాళ్ళు మార్కెట్ మార్కెట్ అంటుంటే ఏదో మేం కొనుక్కునేదనుకున్నాను. మమ్మల్నే గంపలో పెట్టి అమ్ముతున్నారని ఇప్పుడు తెలిసింది. గంప ఎత్తింది మా ఇంటి పిల్లే."

ఇంతసేపూ తల వంచుకుని విన్నది చిట్టి. ఈ మాటతో ఆమె కూడా అగ్గి మీద గుగ్గిలం అయింది. తప్పు చేసినవాళ్ళకి కోపం రాకూడదని రూలేం లేదు కదా.

"అమ్మానా? ఎవరికోసం వెళ్ళానక్కా ఆ నగరానికి? ఈ కొండ మీద మనుషులున్నారని, బంతి తన్నడం వస్తుందని ఒక్కడికైనా తెలుసా? నీ ఎడమ వింగ్ కుర్రాడు పందొమ్మిదేళ్ళకే లీగ్‌లో ఆడాల్సినవాడు. ఇప్పుడు ఇరవై ఆరు. మిల్లులో గుజ్జు కలుపుతున్నాడు. ఎవరూ చూడ్డానికి రాలేదు కాబట్టి! వాళ్ళని ఇక్కడికి రప్పిద్దామని రాశాను. ముప్ఫై ఏళ్ళుగా అవే మెట్లు, అదే మైకు, అదే నాలుగు గంటలు. మనం చచ్చేదాకా మనల్ని మనమే చూసుకుంటూ కూర్చుందామా?"

"కూర్చుంటాం! నీకేం?"

"నాకేమంటావా? నేనూ దిగానక్కా ఆ మెట్ల మీంచి. పద్నాలుగేళ్ళప్పుడు, ఒక మనిషి తక్కువ అని నువ్వు మైకులో పిలిస్తే, ఆడపిల్లనని కూడా చూసుకోకుండా దిగాను. ఇది నా మైదానం కూడా."

 బావ గీత గీసుకుంటూ గోతి అంచుదాకా వచ్చాడు. ఆగి, గోతిని చూసి, మట్టిగుట్ట మీంచే సున్నం పోసుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు. గీత వంకరగా వచ్చింది గానీ తెగలేదు.

"కమిటీకి రాశాను" అన్నది చిట్టి, గొంతు తగ్గించి. "రేపు పన్నెండింటికి వింటారు. గడి ఖాళీగా ఉందని నేను చెబుతాను. నువ్వు కూడా చెప్పాలి. క్లబ్బు తరఫున ఒక ఉత్తరం, రెండు వాక్యాలు చాలు. లేకపోతే నా మాట వాళ్ళు లెక్కచెయ్యరు. ఉద్యోగమూ పోతుంది, శనివారమూ పోతుంది."

ఈలక్క చేతులు విప్పి, గోతి అంచు పట్టుకుని పైకెక్కింది. ఎక్కి వెనక్కి తిరిగి చెల్లెలికి చెయ్యందించింది. చిట్టి ఆ చెయ్యి పట్టుకుని పైకొచ్చింది. 

"గదిలోకి రా" అన్నది ఈలక్క.

క్లబ్బు గది అంటే మెట్ల కింద ఒక అర. ఒక బెంచీ, మైకు పెట్టె, ఆరేసిన జెర్సీలు, తడిసిన బూట్ల వాసన. ఈలక్క జెర్సీల కింద నుంచి తెల్లటి కవరు తీసి చెల్లెలి ముందు పడేసింది. లీగ్ కవరు. నిన్న సాయంత్రం కారులో మనిషొచ్చి చేతికిచ్చి వెళ్ళాడట. అంటే చిట్టి అభ్యంతరం పంపిన రెండు మూడు గంటలకే కారు బయల్దేరిందన్నమాట. నవ్వులాయన నవ్వు అంత వేగంగా ప్రయాణం చేస్తుంది.

లోపల రెండు కాగితాలున్నాయి. మొదటిది క్లబ్బు పేరు మీద వాళ్ళే తయారుచేసిన ఉత్తరం. శనివారం నాలుగు గంటల వేళ మా క్లబ్బే కోరింది, సంతకం పెట్టినప్పుడు గడి నింపే ఉంది, మా చెల్లెలి ఫిర్యాదులో నిజం లేదు. కింద సంతకానికి చోటు. రెండో కాగితం లీగ్ హామీ. ఆ ఉత్తరం రేపు పన్నెండులోపు చేరితే, ఊరి క్లబ్బుని వచ్చే సీజన్ నుంచి లీగ్ రెండో అంచెలోకి తీసుకుంటారు. ఆదివారం మ్యాచులు, పాత నగరాల మైదానాల్లో, టీవీలో. క్లబ్బు పేరు పోదు, పైగా పెద్దదవుతుంది. ఆడేవాళ్ళు పదహారు మందికి మిల్లు మానుకునే అవకాశం. మెట్ల మీద కప్పు. ఆఖరి వాక్యం మాత్రం చిన్నదే. తప్పుడు ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది.

చిట్టి రెండుసార్లు చదివింది. మొదటిసారి కోపంతో. రెండోసారి భయంతో.

"ఇది అబద్ధం, అక్కా. నీతో అబద్ధం మీద సంతకం పెట్టించుకుంటున్నారు."

"తెలుసు."

"నన్ను బయటికి గెంటేస్తారు. ఇంకెక్కడా ఈ పనిలో అడుగు పెట్టనివ్వరు."

"అదీ తెలుసు." ఈలక్క బెంచీ మీద కూలబడింది. గొంతులో అరుపు లేదిప్పుడు, కానీ కోపం ఎక్కడికీ పోలేదు. "నీవైపు నిలబడి మనం ఓడిపోతే నాలుగు వారాల్లో క్లబ్బు ఉండదు. మనం ఇద్దరం అక్కచెల్లెళ్ళం, మన మాట ఎవరు నమ్ముతారు? వాళ్ళ చేతిలో నా సంతకం ఉంది. గెలుస్తామని నువ్వే చెప్పలేవు. ఇది పెడితే ఊరికి శనివారం పోతుంది, నీకు బతుకు పోతుంది. కానీ నువ్వన్న ఎడమ వింగ్ కుర్రాడున్నాడే, వాడు ఇంక గుజ్జు కలపక్కర్లేదు. రాత్రంతా వాడి మొహమే కనబడింది నాకు. నీ మొహం కనబడింది. ఒకదాని తర్వాత ఒకటి. నిద్దర పోనివ్వకుండా చంపారు మీరిద్దరూ."

"నేనొచ్చేదాకా ఎందుకాగావు మరి? రాత్రే పెట్టెయ్యాల్సింది!"

"నిన్ను ఒక్క మాట అడుగుదామని." ఈలక్క తలెత్తి చెల్లెలి కళ్ళలోకి చూసింది. "నువ్వు నగరంలో పనిచేసేదానివి, ఇవన్నీ తెలిసినదానివి. నా మీద జాలి పడి చెప్పకు, నీ మీద జాలి పడి చెప్పకు. ఈ గదిలో నేను నువ్వు, నువ్వు నేను అనుకో. పదహారు మంది ఒకవైపు, చెల్లెలు ఒకవైపు. నువ్వు పెడతావా, పెట్టవా?"

పెట్టనని చెప్పడం ఎంతసేపు? ఒక్క మాట. చిట్టి ఆ మాట కోసం నోరు తెరిచింది. బయట కూలీలు మళ్ళీ గోతి దగ్గరికి వెళుతున్న చప్పుడు వినబడుతోంది. ఏడు ఊళ్ళలో ఎంతోమందికి ఎన్నో అబద్ధాలు అందంగా చెప్పిన నోరది. అక్క ముందు ఒక్కటీ రాలేదు.

"పెడతాను" అన్నది.

ఈలక్క లీగ్ ఉత్తరాన్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత పెన్ను అందుకుని మూత తీసింది.